పెరట్లో పచ్చ తివాచీ
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మాట్లాడవలసిన సంగతులకు కొదవ లేదు. డి.ఆర్. బకాయిలు, హెల్త్ కార్డులు, నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్లు. వాటి గురించి నాకంటే బాగా తెలిసినవారు ఈ వేదికపైనే ఉన్నారు. అయినా కార్యదర్శి గారు నాకు ఫోను చేసి, "మీ ఇంట్లో గోల్ఫు కోర్టు వేశారట కదా, దాని గురించి కాసేపు చెప్పండి" అన్నారు. కోర్టు కాదండీ, గోల్ఫుకు కోర్సు అంటారు, మా పెరట్లో ఉన్నది కోర్సు కూడా కాదు, దాని చిట్టచివరి ముక్క అన్నాను. "ఆ ముక్క గురించే చెప్పండి" అన్నారు.

మా ఇంటావిడ మూడో వరుసలో కూర్చుని ఉంది. నేనెక్కడైనా దాటవేస్తే లేచి నిలబడే మనిషి. కనుక జరిగింది జరిగినట్లే చెబుతాను.

నేను రోడ్లు భవనాల శాఖలో 1972లో చేరి 2006లో రిటైరయ్యాను. మన తరం వాళ్ళలో చాలామందిలాగే హెచ్.బి.ఎ. లోను పెట్టి, 1996లో మలక్‌పేటలో రెండు వందల గజాల్లో ఇల్లు కట్టుకున్నాను. ఇంటి వెనుక ఇరవై నాలుగు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు జాగా మిగిలింది. గృహప్రవేశం అయిన వారానికే మా ఆవిడ ఆ జాగాను తన పేర రాయించేసుకుంది, నోటి మాటగా. అది మొరం నేల. గునపం దిగేది కాదు. పాతికేళ్ళ పాటు ఆవిడ అందులో పశువుల ఎరువు, రాలిన ఆకులు, వంటింటి తొక్కలు కలిపి కలిపి, వేలితో గుచ్చితే దిగబడే మట్టిని చేసింది. గోంగూర, బచ్చలి, కొత్తిమీర, ఒక మల్లె పొద, ప్రహరీ వారన కరివేపాకు చెట్టు. ఒక మూల గరిక. వినాయక చవితికి మా వీధిలో నాలుగిళ్ళ వాళ్ళు ఆ గరిక కోసం మా ఇంటికే వచ్చేవారు.

2021 సెప్టెంబరులో, చవితి అయిన వారానికి, బట్టలుతికే బండ దగ్గర పాకుడు పట్టిన నాపరాతి మీద ఆవిడ కాలు జారింది. చెయ్యి ఆనించి పడడంతో కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. వనస్థలిపురంలో ఉన్న మా అమ్మాయి వచ్చి, "నాన్నా, నీతో వేగలేదు, అమ్మను నేను తీసుకుపోతాను" అని తీసుకుపోయింది.

ఇంట్లో నేనొక్కణ్ణే. అమెరికాలో హ్యూస్టన్‌లో ఉన్న మా అబ్బాయి ప్రతి రాత్రీ వీడియోలో పలకరించేవాడు. ఒక రాత్రి అన్నాడు: "నాన్నా, ఆ పెరట్లో బురద, పాకుడు ఎందుకు? మొత్తం తీయించేసి ఆర్టిఫిషియల్ గ్రాస్ వేయించండి. జారే భయం ఉండదు. పిల్లవాడు ఇక్కడ గోల్ఫు నేర్చుకుంటున్నాడు. అక్కడ ఒక పటింగ్ గ్రీన్ ఉంటే వేసవి సెలవులకు వచ్చి నాలుగు రోజులు ఎక్కువ ఉంటాడు."

మా మనవడికి అప్పుడు పదకొండేళ్ళు. అంతకుముందు వచ్చినప్పుడు మూడో రోజుకే "వైఫై స్లో" అని ముఖం ముడుచుకున్న పిల్లవాడు. నాలుగు రోజులు ఎక్కువ ఉంటాడు అన్న ముక్క దగ్గరే నేను పడిపోయాను. మా ఆవిడను అడగాలన్న ఆలోచన రాలేదని అంటే అది అబద్ధం. వచ్చింది. అడిగితే వద్దంటుందని అడగలేదు.

ఇక్కడ ఆట గురించి రెండు మాటలు చెప్పాలి. పి, యు, టి, టి అన్న స్పెల్లింగు చూసి మనం 'పుట్' అంటాం. 'పట్' అనాలట, మనవడు దిద్దాడు. గోల్ఫులో దూరం నుంచి బంతిని గాలిలోకి కొట్టుకుంటూ వస్తారు. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. దాని మీదికి వచ్చాక బంతిని లేపరు, నేల మీద దొర్లిస్తారు. ఆ దొర్లించడమే పటింగ్. పద్దెనిమిది గుంతల కోర్సును 72 దెబ్బల్లో పూర్తి చేయాలని లెక్క వేస్తే, అందులో 36 ఈ దొర్లింపులకే కేటాయిస్తారు. అంటే ఆటలో సగం బలంతో పని లేనిది. అరవై దాటినవాడూ, ఇరవై ఏళ్ళవాడూ అక్కడ సమానమే.

గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. లోతు నాలుగంగుళాలకు తగ్గకూడదు. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రెండున్నర బంతులు పట్టే నోరన్నమాట. ఈ నాలుగుంపావు ఎక్కడిదని నా ఇంజనీరు బుర్రకు సందేహం వచ్చింది. స్కాట్లాండులో మస్సెల్‌బరా అనే ఊళ్ళో 1829 నాటి గుంతలు తవ్వే పనిముట్టు ఒకటుంది, దాని కొలత అది. ఒక మురుగు గొట్టం ముక్కతో దాన్ని చేశారని చెప్పుకుంటారు. ఆ కొలతనే 1891లో నిబంధనగా ఖాయం చేశారు. మా పెరట్లో గుంతకు నేను వాడింది కూడా మురుగు గొట్టమే, 110 ఎం.ఎం. పి.వి.సి. పైపు ముక్క. దాని లోపలి వ్యాసం 108 కన్నా కాస్త తక్కువ. ఆ కాస్త తేడా వల్లనే నా బంతులు పడడం లేదని నేనంటాను. మా వాళ్ళెవరూ ఒప్పుకోరు.

గోల్ఫు దొరల ఆట అన్నది మనలో పాతుకుపోయిన మాట. తప్పు కూడా కాదు. 1829లోనే కలకత్తాలో క్లబ్బు పెట్టారు, బ్రిటిష్ దీవులకు బయట నేటికీ నడుస్తున్నవాటిలో అదే అన్నిటికన్నా పాతది. మన హైదరాబాదులో గోల్కొండ కోటను ఆనుకుని నయాఖిల్లాలో మైదానం ఉంది. మలక్‌పేట వాళ్ళకు మాత్రం పచ్చిక మైదానం అంటే రేసుకోర్సే. 1886లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ గుర్రప్పందాలను మలక్‌పేటకు తెచ్చిన నాటి నుంచి ఆ పేరు మన పేటకు అంటుకుంది. ఆ పచ్చదనం గోడ అవతలిది. మనది చూపులతో సరి.

నిజమైన గ్రీన్ ఇంట్లో పెంచడం మన వల్ల కాదు. వేడి దేశాల్లో గ్రీన్లకు వాడేది బెర్ముడా జాతి గడ్డి. అదేదో సీమ గడ్డి అనుకున్నాను. తీరా చూస్తే, ఆ బెర్ముడా మన గరికే. గరికలోనే సన్నని సంకరజాతులు తయారు చేసి, మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున దాదాపు రోజూ కత్తిరిస్తారు. అందుకు వేరే యంత్రం, రోజూ నీళ్ళు, ఒక మనిషి. నీళ్ళు చాలక మన దేశంలో చాలా కోర్సుల్లో పూర్వం గ్రీన్ బదులు నూనె కలిపిన ఇసుక పరిచి, దాన్ని 'బ్రౌన్' అనేవారు. రోజు విడిచి రోజు కృష్ణా నీళ్ళు వచ్చే మా వీధిలో గరికను గడ్డం గీసినట్లు గీస్తూ కూర్చోవడం కుదిరే పని కాదు. కనుక ప్లాస్టిక్కు.

ఈ ప్లాస్టిక్ గడ్డి చరిత్ర మా అబ్బాయి ఉన్న ఊళ్ళోనే మొదలైంది. హ్యూస్టన్‌లో 1965లో ఆస్ట్రోడోమ్ అనే కప్పు ఉన్న స్టేడియం తెరిచారు. మొదట లోపల నిజమైన గడ్డే వేశారు. ఆటగాళ్ళ కళ్ళకు వెలుగు కొడుతోందని కప్పు అద్దాలకు రంగు పూశారు, ఎండ అందక గడ్డి చచ్చిపోయింది. 1966లో దాని స్థానంలో నైలాను గడ్డి పరిచారు. స్టేడియం పేరు మీదుగా దానికి ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు వచ్చింది. మనకు ఆ పేరు తెలిసింది వేరే దుఃఖంతో. 1975లో హాకీ ప్రపంచకప్పు గెలిచిన మనవాళ్ళు, మరుసటి ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆ కృత్రిమ మైదానం మీద ఆడి ఏడో స్థానంలో మిగిలారు. రేడియో దగ్గర కూర్చుని తిట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అదే వస్తువును డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకుంటానని అప్పుడు ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి.

సరే, పనిలోకి వద్దాం. దుకాణం అతను వచ్చి కొలిచాడు. "సార్, రెండంగుళాల బెడ్ కాంక్రీటు వేసి, పైన గమ్ముతో అంటిస్తాం. రెండు రోజుల పని" అన్నాడు. పునాది కోసం ఆరంగుళాల మట్టి తీయాలన్నాడు. తీయమన్నాను. పాతికేళ్ళ మట్టి ఒక్క పూటలో ట్రాక్టరుకెత్తారు. గోంగూర, బచ్చలి, మల్లె పొద అన్నీ అందులోనే. కరివేపాకు చెట్టు ఒక్కటి గోడ వారన ఉంది గనుక బతికింది. ట్రాక్టరు ఎటు పోయిందో నేను అడగలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ అడుగుతూ ఉంటారు.

అన్నిటికన్నా సిగ్గుపడవలసిన విషయం ఇది. తారు రోడ్డుకు నలభైకి ఒకటి చొప్పున వాలు ఉందా లేదా అని ముప్పై నాలుగేళ్ళు పట్టీ పట్టుకుని చూసినవాణ్ణి నేను. వాలు చాలలేదని కాంట్రాక్టర్ల బిల్లులు ఆపినవాణ్ణి. నా పెరట్లో కాంక్రీటు వేస్తుంటే, "బంతి దొర్లాలి కదా, బల్లపరుపుగా వెయ్యి" అని నా నోటితోనే చెప్పాను. మేస్త్రీ, "నీళ్ళకు వాటం ఇడవాలె గద సార్" అని ఒకసారి అన్నాడు కూడా. "నాకు తెలుసులే" అన్నాను. మొత్తం ఖర్చు నా రెండు నెలల పెన్షనుకు కాస్త తక్కువ. చూడడానికి మాత్రం బిలియర్డ్స్ బల్ల మీది గుడ్డలా నిగనిగలాడింది.

దీపావళికి ముందురోజు మా ఆవిడ ఇంటికి వచ్చింది. కట్టు విప్పారు, చెయ్యి ఇంకా వంగడం లేదు. వంటింటి తలుపు తీసి వెనక్కు చూసింది. నేను పక్కనే నిలబడి, ఎలా ఉందని అడగబోతున్నాను. ఆవిడ కేకలు వేస్తే బాగుండేది. ఒక్క నిమిషం చూసి, "గరిక ఏదండీ?" అంది. అంతే. తలుపు వేసి లోపలికి పోయింది. ఆ తరువాత ఎనిమిది నెలలు ఆవిడ పెరట్లో అడుగు పెట్టలేదు. పడతానన్న భయం కొంత. మిగతాది ఏమిటో నాకు తెలుసు.

వేసవి వచ్చింది. ప్లాస్టిక్కు అసలు గుణం ఏప్రిల్‌లో బయటపడింది. పచ్చిగడ్డి ఆకులు నీటిని ఆవిరిగా వదులుతాయి గనుక ఎండలోనూ చల్లగా ఉంటాయి. ప్లాస్టిక్కుకు ఆ విద్య లేదు. మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా దిగి, వెనక్కు గెంతాను. బిందెడు నీళ్ళు పోస్తే కాసేపు చల్లబడేది, మళ్ళీ మామూలే. ఆ వేడి వంటింటి కిటికీలోంచి లోపలికి కొట్టేది. అంతకుముందు అదే కిటికీలోంచి మల్లెపూల వాసన వచ్చేది.

తరువాత వానలు. 2020 అక్టోబరు 13 రాత్రి వాన మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు పారాయి, కానీ వెనుకవైపు నుంచి వంటింటి గడప దాటి చుక్క రాలేదు. ఆవిడ మట్టి తాగినంత తాగింది, మిగిలింది పక్క సందులోకి పోయింది. అదే 2022 జూలైలో, అంతకన్నా తక్కువ వానకే, వంటింట్లో చీలమండ లోతు నీళ్ళు నిలిచాయి. ఆ నెల ఆఖరి వారంలో మూసీకి వరద వచ్చి మూసారాంబాగ్ పాత వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మా ఇంటికి వచ్చింది మూసీ కాదు, నా బల్లపరుపు కాంక్రీటు. బియ్యం డబ్బా కింద ఇటుకలు పెడుతూ మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అనకపోవడం ఎంత బరువుగా ఉంటుందో పెళ్ళయి నలభై ఏళ్ళు దాటినవాళ్ళకు చెప్పనవసరం లేదు.

అప్పటికి మనవడు వచ్చి పది రోజులైంది. గ్రీన్ చూసి మొదటి రోజు గంటసేపు ఆడాడు. "తాతా, బంతి పాకుతోంది, దొర్లడం లేదు" అన్నాడు. వాన మొదలయ్యాక అసలు ఆట లేదు. నీళ్ళ మీద కాగితప్పడవలు వదిలాడు. ఆ పడవలు చేసిచ్చింది వాళ్ళ నానమ్మ, ఆ మణికట్టుతోనే.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు నేనే ఎత్తాను. "ఇది పీకించేస్తాను. నీ మట్టి నీకు తెప్పిస్తాను" అన్నాను. ఆవిడ, "నా మట్టి ఎక్కడినుంచి తెస్తారు? అది పోయింది" అంది. తరువాత మనవడి వైపు చూసి, "మొత్తం పీకించకండి. వీడికి కొంచెం ఉంచండి" అంది. పంపకం అప్పుడే జరిగింది. పొడవులో ఎనిమిది అడుగులు ఆవిడకు, పదహారు అడుగులు గ్రీనుకు.

ఈసారి ఏ దుకాణాన్నీ పిలవలేదు. పాత మేస్త్రీనే పిలిచి, ముందు క్షమాపణ చెప్పుకున్నాను. మన సంఘంలో ఇంకెవరైనా ఇలాంటి పని తలపెడితే ఉపయోగపడుతుందని పని తీరు కాస్త వివరంగా చెబుతాను.

కాంక్రీటు పగలగొట్టించి నేలను దిమ్మిసతో గట్టిగా కొట్టించాము. దాని మీద మూడంగుళాలు కంకర, పైన అంగుళం క్రషర్ డస్టు. పదహారుకు పది, నాలుగంగుళాల మందం, మొత్తం యాభై మూడు ఘనపుటడుగులు. ఒక్కసారిగా పోయకూడదు. పొర పొరగా పోసి, తడిపి, కొట్టాలి. మన రోడ్డు పని ఇదే కదా. వాలు తొంభై ఆరు అంగుళాలకు ఒక అంగుళం, వంటింటికి ఎదురుదిక్కుగా. లెవెల్ పైపుతో చూస్తే తెలుస్తుంది, కంటికి తెలియదు. బంతికి తెలుస్తుంది. అది కొద్దిగా వంపు తిరుగుతుంది, ఆటకు రుచి వచ్చేది అందుకేనని మనవడు చెప్పాడు. అంటే బల్లపరుపు నీటికే కాదు, ఆటకూ పనికిరాదు. డస్టు పైన నీరు దిగే గుడ్డ పొర, దానిమీద గడ్డి. పాత గడ్డి గమ్ముతో చిరిగిపోయింది గనుక కొత్తది కొన్నాను. ఈసారి అడుగున రంధ్రాలున్నదీ, పోచ పొట్టిగా ఉన్నదీ. ఇళ్ళ బాల్కనీల్లో వేసే పొడుగు పోచ రకం పటింగ్‌కు పనికిరాదు. మొదట నాకు అంటగట్టింది అదే. పరిచే ముందు చాపను రెండు మూడు గంటలు ఎండలో విప్పి ఉంచితే ముడతలు పోతాయి. కోయడం వెనుకవైపు నుంచి కోయాలి. పైన సన్నని సిలికా ఇసుక, పొడిగా ఉన్నది, పలచగా నాలుగైదు విడతలు చల్లి చీపురుతో పోచల్లోకి దింపాలి. బంతి పాకకుండా దొర్లేది ఆ ఇసుక వల్లనే.

ఆ దొర్లుడును కొలిచే సాధనం కూడా ఉంది. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికా ఆటగాడు కనిపెట్టాడు, అందుకని స్టింప్‌మీటర్ అంటారు. మూడడుగుల బద్ద, మధ్యలో గాడి. బంతిని బద్ద మీద ఒక గంటులో పెట్టి, ఒక చివర నెమ్మదిగా ఎత్తితే, ఒక వాలు దగ్గర బంతి తనంతట తాను కదిలి దిగి వచ్చి దొర్లుతుంది. ఎన్ని అడుగులు దొర్లితే అది ఆ గ్రీను వేగం. నేను అల్యూమినియం చానల్ ముక్కతో ఒకటి చేసుకున్నాను. ఇసుక వేయకముందు ఆరడుగులు, వేసిన తరువాత సుమారు తొమ్మిది. వాలుకు ఎగువకూ దిగువకూ రెండువైపులా కొలిచి సగటు తీయాలి. ఈ లెక్క చూసి మా ఆవిడ చాలా కాలానికి నవ్వింది. "రిటైరైనా టేపు వదల్లేదు" అంది.

నీటికి దారి ఇదివరకే చూసుకోవలసింది. 160 చదరపు అడుగుల మీద ఒక అంగుళం వాన పడితే పదమూడు ఘనపుటడుగుల పైచిలుకు, అంటే 370 లీటర్లు దాటుతుంది. వాలు చివర మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అయిదడుగుల లోతు ఇంకుడు గుంత తవ్వించి కంకరతో నింపాము. కంకర మధ్య ఖాళీ అయిదింట రెండు వంతులు అనుకున్నా పద్దెనిమిది ఘనపుటడుగులు పడుతుంది. అంతకు మించితే పైపు ద్వారా సందులోకి. 2002లో వచ్చిన వాల్టా చట్టంలో ఇంకుడు గుంతల సంగతి ఉంది. ఆ రోజుల్లో ఆఫీసు భవనాలకు నేను దగ్గరుండి తవ్వించాను. సొంత ఇంటికి తవ్వించడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆవిడ భాగానికి రెండు బండ్ల ఎర్రమట్టి, ఎరువు తెప్పించాను. పాత మట్టి కాదు ఇది అని ఆవిడ ఇప్పటికీ అంటుంది. గోంగూర రెండో ఏడుగానీ సరిగా రాలేదు. నాపరాళ్ళు తీయించి గరుకు పలకలు వేయించాను, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించాను. నిజానికి మొదటి రోజే చేయవలసిన పని ఇది ఒక్కటే.

మనవడు తిరిగి వెళ్ళేముందు కొత్త గ్రీను మీద నాలుగు రోజులు ఆడాడు. మూడో రోజు సాయంత్రం మా ఆవిడ గడప దగ్గర కూర్చుని చూస్తోంది. వాడు గుంత అంచు మీదుగా బంతి పోగొట్టుకున్నాడు. ఆవిడ, "ఒరే, ఇది గోటీలాటే కదరా, గుంతకు తిన్నగా కొట్టకూడదు, పై నుంచి రానివ్వాలి" అంది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో మగపిల్లల గోటీలన్నీ గెలిచి డబ్బాలో పోసిన మనిషని అప్పటిదాకా నాకు తెలియదు. వాడు పట్టర్ చేతికిచ్చాడు. ఎనిమిది నెలల తరువాత ఆవిడ పెరట్లోకి దిగింది. మొదటి బంతి పడలేదు. మూడోది పడింది.

ఆడవాళ్ళకు ఇదేం ఆట అనే సోదరులు ఈ సభలో ఎవరూ లేరనుకుంటాను. ఉంటే వారికోసం ఒక మాట. గోల్ఫుకు పుట్టిల్లయిన సెయింట్ ఆండ్రూస్‌లో 1867లోనే స్త్రీలు తమకంటూ పటింగ్ క్లబ్బు పెట్టుకున్నారు. గుట్టలు గుట్టలుగా ఉండే వాళ్ళ గ్రీనుకు హిమాలయాలని పేరు. ఇప్పటికీ ఉంది.

మణికట్టుకు ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పిన వ్యాయామాలు ఆవిడ మానకుండా చేసింది. ఆట వల్లనే చెయ్యి బాగైందని నేను చెప్పను. కానీ పెరట్లోకి దిగాలంటే ఉన్న భయం పోయింది ఆట వల్లనే.

వేయించుకోదలచిన వారికి రెండు జాగ్రత్తలు. చాప అంచు లేచిందంటే మన వయసు వాళ్ళకు అది కాలికి తగిలే ఉరి. ఒకసారి నేనే తూలి గోడ పట్టుకున్నాను. మేకులు ఏడాదికోసారి చూసుకోవాలి. ఎండాకాలం పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఆరు తరువాత తప్ప దిగవద్దు. ఇంకో సంగతి, పోచలు అరిగి పొడి రాలుతుంది, ఊడ్చి చెత్తలో వేయాలి గానీ నీళ్ళు కొట్టి కాలువలోకి తోయకూడదు. అది చేరేది మూసీకే. మట్టి బాగున్న పెరడు ఉన్నవాళ్ళు నన్ను సలహా అడిగితే మాత్రం వద్దనే చెబుతాను. సిమెంటు చేసేసిన జాగా ఉంటే వేయించుకోండి.

2023లో చవితికి వారం ముందు, గ్రీనుకూ ఆవిడ మట్టికీ మధ్య అతుకు దగ్గర సన్నగా ఏదో పచ్చగా కనిపించింది. పోచ ఊడి లేచిందనుకుని లాగబోయాను. రాలేదు. గరిక. ట్రాక్టరుకెత్తిన మట్టిలో పోకుండా ఏ వేరు ముక్క మిగిలిందో, కంకర, డస్టు, గుడ్డ అన్నీ దాటుకుని అతుకులోంచి తల పెట్టింది. దాన్ని తీయకపోతే అతుకు పాడవుతుందని నేను కత్తెర తెచ్చాను. మా ఆవిడ నా చేతిలోంచి కత్తెర తీసుకుంది. చవితినాడు ఇరవై ఒక్క పత్రిలోకి గరిక బయట కొనలేదు, నాలుగిళ్ళ వాళ్ళూ మళ్ళీ వచ్చారు. అతుకు అయిదారు అంగుళాల మేర విడిపోయింది. బంతి అక్కడికి వస్తే పక్కకు మళ్ళుతుంది. మనవడు వచ్చినప్పుడు ఆ చోటికి ఒక పేరు పెట్టాడు, 'నానమ్మ హజార్డ్' అని. గోల్ఫులో బంతికి అడ్డుగా ఉండే చోటును అలా అంటారట.

మూడో వరుసలోంచి చేయి ఊపుతున్నారు, ఇక చాలించమని కాబోలు. చూడదలచిన వారు పొద్దున ఎనిమిది లోపు రండి, టీ ఉంటుంది.